ఒడి మారిన కాన్పులు

ఒంటిమాట – 1 (వేలు వేశాను)

మంత్రసానీ, గోడలోంచి అడిగావు కాబట్టి చెబుతున్నాను. నిద్ర సరిగ్గా లేదు. ఉన్నట్టుండి మెడ దగ్గర ఆవిరి పుడుతుంది, చూస్తుండగానే రవిక తడిసి ముద్దవుతుంది, ఆ వెనకే చలి. మోకాళ్ళు పట్టేస్తున్నాయి. ముట్టు ఆగి నాలుగు నెలలు కావస్తోంది. కోపం పెరిగిందా అని కూడా అడిగావు. కోపం నాకు పెద్దమనిషి కాకముందు నుంచే ఉంది, దాన్ని తెచ్చి ఈ వయసు మీద రుద్దకు.

ఇక పని సంగతి. ఈ వారం నుంచి నన్నూ పైకి పంపుతున్నావు. సంతోషం. భూమి అడుగున ముగ్గురాయి గోడల మధ్య యాభై ఏళ్ళు బతికినదానికి ఎండ చూపించావు. గని మెట్లెక్కి, తడి గోనె కప్పుకుని, ఎండ పలకల మీద దుమ్ము తుడిచి దిగి వచ్చాను. పలకలు మసకబారితే కింద చల్లగాలి ఆగిపోతుందని నాకు తెలుసు. ఆ సెగకు గర్భసంచి పాడవుతుంది కాబట్టి ఇంకా కనగలిగిన వాళ్ళను పంపకూడదనీ తెలుసు. కనడం అయిపోయిన వాళ్ళకు పాడవడానికి ఇంకేముంది, గుండె తప్ప. దానికోసం నీ సూది ఉంది.

సూది దగ్గర ఇవాళ నాకూ, పక్కింటి ఓబులమ్మక్కకూ ఒకే అంకె వచ్చింది. రక్తంలో కొవ్వు రెండు వందల అరవై. ముట్టు ఆగే వయసులో అందరికీ పెరుగుతుందన్నావు. అంకె ఒకటే అయినా నాకు అరపూట పని, రోజుకొక మాత్ర. ఆమెకు నిండుపూట పని, మాత్ర లేదు. నాది కాన్పు ఎరిగిన ఒళ్ళట, అలాంటి ఒళ్ళు ఈ వయసులో ఇంత కొవ్వును తట్టుకోలేదట. ఆమెది కాన్పు ఎరగని ఒళ్ళట, ఇంకా గట్టిగా ఉందట. నీ లెక్క నీది. వేలు వేస్తున్నాను.

ఒంటిమాట – 2 (వేలు వేయలేదు)

చివర గోడకు వేలిముద్ర వేస్తే తప్ప ఒంటిమాట నీ చెవికెక్కదని సూదిగది చూసుకునే షంషాద్ చెప్పింది. వేయకపోతే గోడలోనే ఉండిపోతుందట. ఈ సంగతి ముందే చెప్పి ఉంటే నిన్ననే మనసు విప్పి మాట్లాడేదాన్ని.

నీకు మంత్రసాని అని పేరు పెట్టిన మహానుభావులెవరో గానీ, గోడలోని యంత్రానివి నువ్వు, ఒక్క కాన్పూ చూడలేదు. మా కాన్పుగదిలోకి మగవాళ్ళకూ నీకూ ప్రవేశం లేదు. అక్కడేం జరుగుతుందో నీకు తెలియదు. నువ్వు మా ఒంటి సంగతి అడగడం మొదలుపెట్టేదే మా ముట్టు ఆగే కాలంలో.

ఓబులమ్మక్క నలుగురిని కన్నది. ఇంకో ఇద్దరు కడుపులోనే పోయారు. ఆ నలుగురిలో మూడోది నా కూతురు తొలకరి.

నా కడుపు నిలిచేది కాదు. ఈ గనిలో సగం మందికి నిలవదు, నీళ్ళ వల్ల అంటారు. అందుకని నిలిచేవాళ్ళు నిలవనివాళ్ళ కోసం మోస్తారు. కాన్పుగది చూసుకునే పెద్దామెలు నా పిండాన్ని ఓబులమ్మక్క కడుపులో పెట్టారు. ఆమె మోసింది, కన్నది. మూడో రోజు ఒడి మార్పు జరిగింది. బియ్యం, బెల్లంతో పాటు పిల్లను నా ఒడిలో పెట్టి, అనవలసిన మాట అన్నది. బిడ్డ నీది, కాన్పు నీది, నొప్పులు నీవి. ఆ మాటతో కన్నదాన్ని నేనైపోయాను. ఊరంతా వచ్చి నాకు కాయం తినిపించి, నడుముకు గుడ్డ బిగించి, గాలి తగలకుండా పడుకోబెట్టింది. నిజంగా కన్న మనిషి ఆ వారంలోనే నీళ్ళ బిందె ఎత్తుకుంది. కాన్పు తనది కాదు కాబట్టి పథ్యం కూడా తనది కాదు.

గొడ్రాలనే మాట ఈ గనిలో ఏ ఆడదాని చెవినా పడకూడదని పెద్దవాళ్ళు పెట్టిన మర్యాద ఇది. మంచి మర్యాదే, దాని చల్లని నీడలోనే నేను ఇరవై రెండేళ్ళు బతికాను. కానీ ఆ మాట మాయం కాలేదు, వెళ్ళి ఓబులమ్మక్క మీద వాలింది. తన ఒడికంటూ ఒకరిని కనేలోపు ఆమె మొగుడు సొరంగం కూలి పోయాడు. మోసిన నలుగురూ నాలుగు ఇళ్ళలో పెరిగారు. నువ్వు కాన్పులెన్ని అని అడిగినప్పుడు నేను ఒకటి అన్నాను, ఆమె లేవన్నది. అబద్ధమాడుతున్నామని ఇద్దరికీ తోచలేదు. పోయిన ఇద్దరినీ ఎవరి ఒడిలోనూ పెట్టలేదు కాబట్టి వాళ్ళు ఎవరి లెక్కలోనూ పడలేదు.

ఇది రహస్యమనుకుంటున్నావేమో. ఊరందరికీ తెలుసు. నీకొక్కదానికే తెలియదు.

ఒంటిమాట – 3 (వేలు వేయలేదు)

పలకల మీద కుళ్ళాయమ్మ పడిపోయింది. పోయిన నెల ఇంకొకామె మెట్ల మీదే పోయింది. ఇద్దరూ నిండుపూట మనుషులు, నీ లెక్కలో కాన్పు ఎరగనివాళ్ళు. కుళ్ళాయమ్మ మోసిన ముగ్గురిలో ఒకడు ఆమె శవాన్ని దించిన వాళ్ళలో ఉన్నాడు.

షంషాద్‌కు భయం పట్టుకుంది. సూదులు కడుగుతూ, పడిపోయేదంతా ఒక రకం వాళ్ళే గంగక్కా అని గొణిగింది. నువ్వే మంత్రసానికి చెప్పకూడదా అన్నాను. ఎవరి ఒంటి సంగతి వాళ్ళ నోటి నుంచి వస్తేనే అది వింటుందట. తను కళ్ళతో చూసినదైనా పనికిరాదట. తెలివంటే నీదే, మంత్రసానీ.

ఓబులమ్మక్కకు మెట్ల మీద ఆయాసం వస్తోంది. దవడ లాగుతోందట, ఎడమ చెయ్యి బరువెక్కుతోందట. గాలి పట్టిందని వాము నములుతోంది. నా మాత్ర తీసుకెళ్ళి ఆమె సంగటి ముద్దలో పెడుతున్నాను. మొదటి రోజే కనిపెట్టింది. సంగటి చేదుగా ఉందని నా వంక చూసి, మింగేసింది. నాకు మాత్ర లేక అంకె పెరిగింది. నువ్వు కంగారుపడి రోజుకు రెండు మాత్రలు చేశావు. రెండూ ఆమెకే పెడుతున్నాను. ఇంత బతుకులో నిన్ను ఆటపట్టించగలిగింది ఇదొక్కటే.

అయినా మాత్ర మెట్లు ఎక్కదు కదా. పైన సెగలో నిండుపూట నిలబడాల్సింది ఆమే. నలుగురిని మోశానని ఒక్క మాట చెబితే నువ్వు ఆమెను అసలు మెట్టే ఎక్కనివ్వవు. షంషాద్ కూడా అదే అంది. ఆమె ప్రాణం ఆ ఒక్క మాటలో ఉంది.

ఒంటిమాట – 4 (వేలు వేయలేదు)

ఇవాళ అడిగేశాను. నీళ్ళ వరసలో మా ఇద్దరి బిందెలే మిగిలినప్పుడు, నాలుగు కాన్పులు, పోయినవి రెండు, ఉన్నది ఉన్నట్టు మంత్రసానికి చెప్పేయమన్నాను.

"చెప్పి, తొలకరిని చల్లవాకిలి ఇవతల నిలబెట్టాల్నా?" అంది.

చల్లవాకిలి నీదే కాబట్టి నీకు వివరం అక్కర్లేదు, అయినా చెబుతాను. దాని లోపల చల్లగాలీ మంచినీళ్ళూ ఉండే చల్లవాడ ఉంది. ఇవతల ఉంటే సెగ, బూడిద నీళ్ళు. పుట్టిన ప్రతి బిడ్డనూ మూడో రోజున అక్కడికి తీసుకెళితే నువ్వు అడుగుతావు, బిడ్డ ఎవరిది, కాన్పు ఎవరిది అని. ఒడి పట్టిన ఆమె రెండిటికీ నాది అంటుంది. వాకిలి తెరుచుకుంటుంది. ఆ బిడ్డకు చల్లవాడలో చోటు బతికినన్నాళ్ళూ ఉంటుంది. మా అమ్మమ్మల కాలంలో ఒకామె ఒడి మార్చాక మనసు మార్చుకుని, వాకిలి దగ్గర నిజం చెప్పేసిందట. వాకిలి తెరుచుకోలేదట. పసిగుడ్డు ఇవతలే వాడిపోయిందట. ఈ కథ వినకుండా ఈ గనిలో ఏ ఆడపిల్లా పెద్దది కాలేదు.

అది పాత కథ, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక నువ్వు బయటికి తోసేస్తావా, ఎవరు చూశారు అన్నాను. చూసిన తర్వాత తెలిస్తే ఏం లాభం అంది. నేను చెబుతాను, నాకు కాన్పు లేదని నా నోటితో నేనే చెబుతాను అన్నాను. అప్పుడు బిందె దించి నా వైపు తిరిగింది.

"చెప్తే నీ మొగం సూడనుమే గంగా. ఆ పిల్ల నొప్పులు నీకిచ్చినా. ఇచ్చింది ఎనక్కి తీసుకునే బుద్ధి నాకు ల్యా. ఆ నలుగురూ సల్లగుండారు. నాకింకేం గావాల?"

నేను ఎదురు చెప్పలేదు. చెప్పలేకపోయానని సర్దుకోవచ్చు, కానీ వేలు వేయని మాటలో కూడా దొంగవేషాలు ఎందుకు. ఆమె వద్దన్నప్పుడు నాకు ఊరటగా అనిపించింది. తొలకరి చోటు తొలకరికి ఉంటుందని ఊరట. ఆమె బిందె ఎత్తుకుని ఆయాసపడుతూ వెళ్ళిపోతుంటే వెనక నిలబడి చూశాను.

ఒంటిమాట – 5 (వేలు వేయలేదు)

ఓబులమ్మక్క పోయింది.

నా అరపూట అయిపోయి నేను దిగుతున్నాను. ఆమెకు ఇంకా సగం పలకలు ఉన్నాయి. గోనె ఆరిపోతోంది, తడిపి కప్పమని నాకు అందించింది. తడిపి కప్పాను. నీ మోకాళ్ళకు నువ్వుల నూనె రాయమ్మా, నూనె వాటాలో కోత కోశారని ఊరుకోవాకు అంది. నూనె దాచిపెట్టింది తన ఇంట్లో ఉందని కూడా చెప్పింది. నేను కింది మెట్టు దాకా వచ్చేసరికి పైన కేకలు వినిపించాయి.

దించేసరికి ఒళ్ళు వేడిగానే ఉంది. ఎండ వేడి, బతికి ఉన్న వేడి కాదు. దవడ బిగిసిపోయి ఉంది. నువ్వు గోడలోంచి చదివావు, ఓబులమ్మ, యాభై రెండు ఏళ్ళు, కాన్పులు లేవు. ఆ మాట అంటున్నప్పుడు ఆమె కన్న నలుగురూ అక్కడే ఉన్నారు.

కాన్పు అయిన ఆడది పోతే ఆమె పిల్లలు ఒడిలో బియ్యం పోసి, కొంగు ముడివేసి పాత సొరంగంలోకి సాగనంపుతారు. కాన్పు లేని ఆమెను ఒట్టి కొంగుతో పంపుతారు. ఓబులమ్మక్కను ఒట్టి కొంగుతో పంపాం. నలుగురిలో ఒక్కరూ పిడికిలి తెరవలేదు. తెరిస్తే తమ ఒడి మారిందని నీకు చెప్పినట్టే. నెలలు నిండిన కడుపుతో తొలకరి నా పక్కనే నిలబడింది. కడుపు నిలవని సాలమ్మ బిడ్డను మోస్తోంది అది. దాని పిడికిలిలో బియ్యం ఉన్నాయి, చూశాను. సొరంగం మూసేదాకా పట్టుకునే ఉంది, తర్వాత ఇంటికి తెచ్చి డబ్బాలో పోసింది.

తిండి దగ్గర దానికి చెప్పేశాను, నిన్ను మోసింది ఆమేనని. తెలుసమ్మా అంది. చిన్నప్పుడు తను గొంతు నొప్పి వచ్చి పడుకుంటే ఓబులమ్మక్క వాకిట్లోకి వచ్చి, లోపలికి రాకుండా కూర్చుని ఉండేదట. పెద్దమ్మా లోపలికి రా అంటే, ఈడనే బాగుండాదిలే అనేదట.

"మీరంతా ఆమెను చంపినారమ్మా," అంది. కోపంగా కూడా అనలేదు. తిండి తింటూ అంది.

అవును, చంపాం. నేను అందరికన్నా దగ్గర నిలబడి చంపాను.

ఒంటిమాట – 6 (వేలు వేయలేదు)

తొలకరికి మగపిల్లాడు పుట్టాడు. పొద్దున మొదలైన నొప్పులు పొద్దుపోయే వరకూ ఉన్నాయి. నా చెయ్యి పట్టుకుని విరిచేసింది. నొప్పులు ఎలా ఉంటాయో అంత దగ్గరగా చూడటం నాకు ఇదే మొదలు. తొలకరి పుట్టిన రోజు, పుట్టింది నా పిల్లే అయినా, నన్ను కాన్పుగది పక్క చాప మీద పడుకోబెట్టి మూలగమన్నారు. మూలిగాను కూడా. అది గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

ఇవాళ మూడో రోజు, ఒడి మార్పు. సాలమ్మ కొత్త చీర కట్టుకుని చల్లవాకిలి ముందు కూర్చుంది. పాపం మంచి పిల్ల, మూడుసార్లు కడుపు పోయింది, కళ్ళన్నీ వాడి మీదే ఉన్నాయి. తొలకరి నిలబడలేక నా భుజం పట్టుకుని వచ్చింది. బియ్యం, బెల్లం, పిల్లాడు, అన్నీ ఆమె ఒడిలో పెట్టింది. ఆ బియ్యం ఎక్కడివో నాకు తెలుసు. డబ్బాలోవి.

మాట కోసం అందరూ ఎదురుచూస్తున్నారు.

"బిడ్డ నీది," అంది తొలకరి. "కాన్పు నాది. నొప్పులు నావి. అవి ఎవరికీ ఇయ్యను."

పెద్దామెల్లో ఒకావిడ దాని నోరు మూయబోయింది. అప్పటికే నువ్వు విన్నావు. వాకిలి దగ్గర ఏం మాట్లాడినా వింటావు కదా. సాలమ్మ పిల్లాడిని గుండెకు అదుముకుంది. మా అందరి కళ్ళ ముందూ అమ్మమ్మల కాలం నాటి పసిగుడ్డే ఉంది. నేనైతే దేవుడా అనుకోవడం కూడా మరిచిపోయాను.

నువ్వు ఎప్పటిలాగే అడిగావు, బిడ్డ ఎవరిది అని. సాలమ్మ తొలకరి వైపు చూసింది. తొలకరి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. నాది అంది సాలమ్మ. కాన్పు ఎవరిది అని అడిగావు. నాది అంది తొలకరి.

వాకిలి తెరుచుకుంది.

తడుముకోలేదు, మళ్ళీ అడగలేదు, ఒక్క రవ్వ ఆలస్యం కూడా లేదు. రోజూ తెరుచుకున్నట్టే తెరుచుకుంది. చల్లగాలి వచ్చి మా ముఖాలకు తగిలింది. సాలమ్మ బిడ్డతో లోపలికి వెళ్ళింది. తొలకరిని కూడా రానిచ్చావు.

నేను ఇవతలే ఉండిపోయాను. ఇన్నేళ్ళుగా నువ్వు రెండు ప్రశ్నలు అడుగుతూనే ఉన్నావు. రెండూ వేరువేరుగా అడుగుతున్నావు. రెండిటికీ ఒకే మనిషి జవాబు చెప్పాలని నువ్వు ఎప్పుడూ అనలేదు, మేమే అనుకున్నాం. అమ్మమ్మల కాలం ఆమె కథ ఏమిటని ముసలి పెద్దామెను గట్టిగా పట్టుకుని అడిగాను. అప్పటికి చెప్పింది. ఆమె కాన్పు నాదని ఊరుకోలేదట, బిడ్డ కూడా నాదేనని లాక్కుందట. ఇద్దరు ఆడవాళ్ళూ బిడ్డ నాదంటే నాదని పంతం పట్టారట. అందుకు తెరుచుకోలేదు. మిగిలిన సగం కథ ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

కుళ్ళాయమ్మ బతికి ఉండేది. ఓబులమ్మక్క బతికి ఉండేది. తెరిచి ఉన్న వాకిలికి కాపలా కాస్తూ చచ్చిపోయారు వాళ్ళు. ఈ ఏడుపు ఎవరి మీద ఏడవాలో నాకు తెలియడం లేదు. నీ మీద ఏడుద్దామంటే నువ్వు అడిగావు. మేమే చెప్పలేదు.

ఒంటిమాట – 7 (వేలు వేస్తున్నాను)

మంత్రసానీ, ఇదీ, దీనికి ముందు వేలు వేయకుండా ఉంచినవన్నీ కలిపి విను.

గంగరత్న, యాభై ఏళ్ళు. కాన్పులు లేవు. ఒడిలో బిడ్డ ఒకతె, పేరు తొలకరి. ఇది సూదిగదిలో అందరూ వినేలా ఇవాళ నా నోటితో చెప్పాను. షంషాద్ చేతిలో సూది అలాగే ఉండిపోయింది. నువ్వు నా లెక్క వెంటనే మార్చావు. ఇక నుంచి నాకు నిండుపూట, మాత్రలు లేవు. నా ఒళ్ళు గట్టిదని ఇప్పుడు తెలుసుకున్నావు కదా, మంచిది. ఇన్నాళ్ళు ఓబులమ్మక్క నా బదులు నిలబడింది. వరసలో నా వెనక ఉన్న ఆమె తన కాన్పులు వేళ్ళ మీద లెక్కపెట్టుకోవడం చూశాను. ఆమెకు ఒడిలో ఒక్కరూ లేరు. మూడో వేలు దాకా వచ్చింది.

తొలకరి చోటుకు ఏమీ కాలేదు. పొద్దున వాకిలి దానికి తెరుచుకుంది, సాయంత్రం కూడా తెరుచుకుంది. రెండుసార్లూ వెళ్ళి చూశాను.

ఓబులమ్మక్క లెక్క కూడా దిద్దమన్నాను. చచ్చినవాళ్ళ ఒంటిమాటను వేరేవాళ్ళు మార్చడానికి వీల్లేదన్నావు. వాళ్ళే వచ్చి వేలు వేయాలన్నావు. నీతో వాదించి ప్రయోజనం లేదు.

ఆమె గోనె నేను తెచ్చుకున్నాను. నూనె సీసా ఆమె చెప్పిన చోటే ఉంది. మోకాళ్ళకు రాసుకుని ఇవాళ నిండుపూట చేసి వచ్చాను. ఆవిర్లు ఎలా ఉన్నాయి, నిద్ర ఎలా పట్టింది అని అడుగుతున్నావు. చెబుతాను. కానీ ఇక మీదట రోజూ నా ఒంటిమాట మొదట్లో ఒకటి చెబుతాను, దిద్దినా దిద్దకపోయినా విని తీరాలి. ఓబులమ్మకు కాన్పులు నాలుగు, పోయినవి రెండు. ఆ తర్వాతే నా నిద్ర సంగతి.